2,751వ లైన్ దగ్గర ఆగిన బ్యాచ్: తిరుపతిలో ఒక లోకల్ ఇంటర్నెట్ కంపెనీ కేస్ స్టడీ

మొదటి ఫోన్ జీవకోన నుంచి వచ్చింది. రాత్రి ఎనిమిదిన్నర. “లైటు పచ్చగానే ఉండాది సామీ, పేజీ మాత్రం తిరగతానే ఉండాది” అన్నాడాయన. తొమ్మిదయ్యేసరికి మంగళం వైపు నుంచి పదిహేను ఫోన్లు. కొర్లగుంట, బైరాగిపట్టెడ వైపు నుంచి ఒక్కటీ లేదు.

నేను తిరుపతిలో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీకి నెట్‌వర్క్ పని చూస్తాను. అప్పటికి 1,640 కనెక్షన్లు. ఇళ్లు, హాస్టళ్లు, బస్టాండ్ చుట్టుపక్కల లాడ్జీలు, నెట్ సెంటర్లు. ఒక ఏరియా నుంచే కంప్లైంట్లు వస్తే ఎవరైనా ముందు ఫైబర్‌నే అనుమానిస్తారు. మేమూ అంతే. మర్నాడు ఇద్దరు లైన్‌మన్లు నిచ్చెన వేసుకుని స్ప్లిటర్ బాక్సులన్నీ విప్పి చూశారు. ఇళ్ల దగ్గర పవర్ మీటర్‌లో మైనస్ 20, మైనస్ 22 డీబీఎం చూపిస్తోంది. జీపాన్ (ఇళ్లకు ఫైబర్ ఇచ్చే పద్ధతి) లైన్‌కి అది మంచి సిగ్నలే. పగలు స్పీడ్ టెస్ట్ కూడా బాగా వచ్చింది. సాయంత్రం ఏడు దాటగానే మళ్లీ అదే గోల.

లైన్‌మన్ తెచ్చిన కాగితంలో ఒక అంకె దగ్గర నా చూపు ఆగింది. 30 ఎంబీ ప్లాన్ ఉన్న ఇంట్లో పగలు స్పీడ్ టెస్ట్ 70 చూపించింది. ఆయన దాన్ని మంచి గుర్తుగా రాసుకొచ్చాడు. నాకు మాత్రం అక్కడే టెన్షన్ మొదలైంది. 30కి మించి రాకుండా ఆపాల్సింది మా సర్వర్. 70 వచ్చిందంటే ఆ ఇంటి మీద మా లిమిట్ లేనట్టే. అంటే తప్పు స్తంభం మీద లేదు, మా ఆఫీసు ర్యాక్‌లో ఉంది.

బ్యాచ్ ఫైల్ ఎలా ఉండేది

మా దగ్గర కస్టమర్ల స్పీడ్ పంచేది ఒక లైనక్స్ సర్వర్. అందులో ఐపీరూట్2 ప్యాకేజీతో వచ్చే టీసీ అనే కమాండ్‌తో హెచ్‌టీబీ క్లాసులు, అంటే ఒక్కొక్కరి స్పీడ్‌కి లిమిట్ పెట్టే అరలు, కడతాం. రోజూ రాత్రి రెండు గంటలకు క్రాన్ (టైమ్ ప్రకారం పనులు నడిపే ప్రోగ్రాం) ఒక స్క్రిప్ట్ నడుపుతుంది. అది బిల్లింగ్ షీట్ తీసుకుని కస్టమర్‌కి మూడు లైన్ల చొప్పున ఒక పెద్ద ఫైల్ రాస్తుంది. మొదటి లైన్ క్లాస్: అతని స్పీడ్ ఎంతో చెప్పేది. రెండోది ఆ క్లాస్ కింద ఎఫ్‌క్యూ కోడెల్ క్యూ, అంటే అతని ట్రాఫిక్ వంతు కోసం ఆగే వరుస. మూడోది ఫిల్టర్: ఈ ఐపీకి వెళ్లే ట్రాఫిక్ ఈ క్లాసులో పడాలని చెప్పేది. పైన మూల క్లాసులు, ఫిల్టర్లను త్వరగా వెతికే హాష్ టేబుళ్లకు 20 లైన్లు. మొత్తం 4,940. ఆ ఫైల్‌ను టీసీకి బ్యాచ్ ఆప్షన్‌తో ఇస్తాం. లైన్ లైన్‌కీ టీసీని విడిగా పిలవడం కన్నా ఇది చాలా త్వరగా అయిపోతుంది. ఒకే ప్రాసెస్, కెర్నల్‌తో (లైనక్స్ లోపలి గుండెకాయతో) మాట్లాడటానికి ఒకే సాకెట్.

ఏ క్లాస్‌లోకీ రాని ట్రాఫిక్ కోసం ఒక డిఫాల్ట్ క్లాస్ ఉంది. దానికి 100 ఎంబిట్, అంటే సెకనుకి 100 మెగాబిట్లు, ఇచ్చాం. కొత్తగా పెట్టిన మోడెమ్, షీట్‌లో ఇంకా ఎక్కని కనెక్షన్ లాంటివి నాలుగైదు ఉంటాయి కదా, వాటికోసం. డిఫాల్ట్ క్లాస్ చెప్పకపోతే హెచ్‌టీబీ అలాంటి ట్రాఫిక్‌ను ఏ లిమిట్ లేకుండా వదిలేస్తుంది. అందుకని పెట్టుకున్నాం.

సర్వర్‌లో క్లాసులు లెక్కపెడితే కస్టమర్ క్లాసులు 910 ఉన్నాయి. ఉండాల్సినవి 1,640. మిగిలిన 730 కనెక్షన్లూ ఆ 100 ఎంబిట్‌ను పంచుకుంటున్నాయి. పగలు అందరూ పనుల్లో ఉంటారు కాబట్టి సరిపోయింది, ఒక ఇంటికి 70 కూడా వచ్చింది. రాత్రి అందరూ టీవీ ముందు కూర్చోగానే ఆగిపోయింది. జీవకోన, మంగళం కనెక్షన్లు ఈ మధ్య ఇచ్చినవి, షీట్ కింది భాగంలో ఉన్నాయి. కొర్లగుంట పాతది, పైన ఉంది. ఏరియాను బట్టి వచ్చిన సమస్యలా కనిపించడానికి అదే కారణం.

లాగ్ తెరిస్తే రెండు రోజుల నుంచీ అక్కడే ఉంది. ముందు ‘ఫైల్ ఎగ్జిస్ట్స్’ (ఇది ముందే ఉంది) అని కెర్నల్ జవాబు. దాని కింద, కమాండ్ ఫెయిలైంది, 2,751వ లైన్ అని. 911వ కస్టమర్ క్లాస్ లైన్ అది. బైరాగిపట్టెడ నుంచి మంగళానికి ఇల్లు మారిన కస్టమర్. బిల్లింగ్ చూసే మేడమ్ పాత వరుసను దిద్దకుండా కాపీ చేసి కింద కొత్త అడ్రస్, కొత్త ఐపీ వేశారు. కస్టమర్ నంబర్ ఒకటే. మేము ఆ నంబర్‌నే క్లాస్ నంబర్‌గా వాడతాం. ఉన్న క్లాస్‌ను మళ్లీ ‘యాడ్’ చేయమంటే కెర్నల్ కుదరదంది. టీసీ బ్యాచ్ మోడ్ మామూలుగా మొదటి తప్పు దగ్గరే ఆగిపోతుంది. మాన్యువల్‌లో ఆ మాట సూటిగానే ఉంది.

మేడమ్ చేసింది పెద్ద తప్పని నేను అనుకోను. ఏ ఆఫీసులోనైనా రోజూ జరిగేదే. ఒక వరుస తేడా వస్తే 730 ఇళ్ల మీద పడేలా పైప్‌లైన్ కట్టుకోవడం అసలు తప్పు. దానికి తోడు స్క్రిప్ట్ మొదట్లోనే మూల క్యూడిస్క్‌ను (క్లాసులన్నీ వేలాడే పై క్యూను) తీసేసి అన్నీ మళ్లీ మొదటినుంచి కట్టేది. కాబట్టి ఆగిపోతే నిన్నటి మంచి సెట్టింగ్ కూడా ఉండదు. సగం కట్టిన గోడ మిగులుతుంది.

ఫోర్స్ పెట్టాం

నాతో పనిచేసే కుర్రాడు మాన్యువల్ చదివి వచ్చాడు. “అన్నా, ఫోర్స్ అని ఒక ఆప్షన్ ఉంది. తప్పు వచ్చినా ఆగకుండా మిగతా లైన్లు చేసుకుంటూ పోతుంది. పెట్టేద్దామా?”

“పెట్టు” అన్నాను. ఆ మాట అనే ముందు ఇంకో గంట ఆలోచించి ఉండాల్సింది.

ఫోర్స్ చేసేది రెండు పనులు. తప్పు వచ్చినా ముందుకు పోతుంది. చివర్లో ఎక్కడైనా తప్పు జరిగి ఉంటే సున్నా కాని ఎగ్జిట్ కోడ్ ఇస్తుంది; సున్నా అంటే అంతా బాగుందని. ఈ రెండోది ఎవరో ఒకరు చూస్తారన్న నమ్మకంతోనే మొదటిదాన్ని వాడాలి. మా స్క్రిప్ట్‌లో టీసీ ఇచ్చే అవుట్‌పుట్ పైప్ గుండా లాగర్‌కి (లాగ్ రాసే కమాండ్‌కి) పోతుంది. షెల్‌లో (కమాండ్లు నడిపే ప్రోగ్రాంలో) పైప్ మొత్తానికి వచ్చే కోడ్ చివరి కమాండ్‌ది. లాగర్ తన పని ఎప్పుడూ బాగానే చేస్తుంది, సున్నా ఇస్తుంది. టీసీ ఫెయిలైన సంగతి ఆ పైప్‌లోనే పోయింది. బాష్ షెల్‌లో పైప్‌ఫెయిల్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే ఇది తేలిగ్గా పట్టుబడుతుంది. మాది ఆన్ చేసి లేదు. క్రాన్ పంపే మెయిల్ సర్వర్‌లోనే రూట్ యూజర్ పెట్టెలో పేరుకుంటోంది.

ఇంకొక సంగతి నాకు తర్వాత తెలిసింది. కస్టమర్‌కి ఉన్న మూడు లైన్లలో క్లాస్ లైన్ ఫెయిలైందనుకోండి. ఫోర్స్ ఉంది కాబట్టి రెండో లైన్‌కి పోతుంది. ఆ క్లాస్ లేదు కనుక అదీ ఫెయిలవుతుంది. మూడోది, ఫిల్టర్ మాత్రం ఫెయిలవదు. లేని క్లాస్ నంబర్ చూపించినా కెర్నల్ ఫిల్టర్‌ను ఒప్పుకుంటుంది. ఆ ట్రాఫిక్ వచ్చినప్పుడు క్లాస్ కనిపించక డిఫాల్ట్‌కి పంపుతుంది. ఫిల్టర్లు లెక్కపెట్టి అందరూ ఉన్నారులే అనుకుంటే మోసపోతాం.

ఫోర్స్ ఉన్నా ఆగింది

పందొమ్మిది రోజులు బాగానే గడిచాయి. ఇరవయ్యో రోజు పొద్దున ఎనిమిదింటి నుంచే ఫోన్లు. ఈసారి కొర్లగుంట కూడా. ప్రత్యేక ప్రవేశ దర్శనం 300 రూపాయల టికెట్ల కోటా ఆన్‌లైన్‌లో పదింటికి విడుదలయ్యే రోజు అది. మా నెట్ సెంటర్లకు నెలలో అది పెద్ద రోజు. బస్టాండ్ దగ్గర నెట్ సెంటర్ నడిపే ఆయన ఫోన్ చేయకుండా బండి మీద నేరుగా ఆఫీసుకే వచ్చేశాడు. “సామీ, పదికి కోటా ఇడుస్తారు. పది మంది కుర్చీల్లో కూర్చోనుండారు. నేను వాళ్లకేం చెప్పేది?”

సర్వర్ చూస్తే క్లాసులు 211 మాత్రమే ఉన్నాయి. ఫోర్స్ పెట్టే ఉంది. లాగ్‌లో లైన్ నంబర్ లేదు. ఒకే ఒక్క వాక్యం: కమాండ్ లైన్ పూర్తిగా లేదు, హెల్ప్ చూడండి.

లైన్ నంబర్ లేనప్పుడు ఎక్కడ ఆగిందో కెర్నల్‌నే అడగాలి. ఫైల్‌లో ఉన్న క్లాస్ నంబర్లు ఒక పక్క, సర్వర్‌లో ఉన్నవి ఒక పక్క పెట్టి, మొదట ఏది లేదో చూశాను. 212వ కస్టమర్. ప్లాన్ మార్చుకున్నాడు. షీట్‌లో పాత స్పీడ్ చెరిపి కొత్తది వేయడం మరిచిపోయారు. గడి ఖాళీ. మా స్క్రిప్ట్ ‘రేట్’ అని రాసి దాని పక్కన ఏమీ లేకుండా లైన్ ముగించింది. చేత్తో అంకె వేసి మళ్లీ నడిపేసరికి పదికి ఐదు నిమిషాలు. ఆయన బండి అప్పటికే బయల్దేరింది.

ఆ సాయంత్రం ఐపీరూట్2 సోర్స్ తెరిచి కూర్చున్నాను. ఫోర్స్ ఉన్నా ఎందుకు ఆగిందన్నది అర్థం కాకుండా నిద్ర పట్టేలా లేదు. కారణం సాదాసీదాగా ఉంది. టీసీలో తప్పులు రెండు దారుల్లో బయటికొస్తాయి. ఒకటి, లైన్‌ను చూసే ఫంక్షన్ ‘ఇది కుదరలేదు’ అని సున్నా కాని అంకె వెనక్కి ఇవ్వడం. బ్యాచ్ లూప్ దాన్ని అందుకుని లైన్ నంబర్ రాస్తుంది, ఫోర్స్ ఉంటే ముందుకు పోతుంది. కెర్నల్ కాదన్న తప్పులు ఈ దారిలో వస్తాయి. రెండోది, రేట్ అన్న మాట తర్వాత అంకె కోసం చూసి, లైన్ అయిపోయిందని తెలిసినప్పుడు పిలిచే చిన్న ఫంక్షన్. అది ఆ వాక్యం రాసి అక్కడికక్కడే ప్రోగ్రాంనే ముగించేస్తుంది. బ్యాచ్ లూప్‌కి కబురే అందదు. ఫోర్స్ ఉందో లేదో చూసే అవకాశమే రాదు.

దీన్ని నేను తప్పుపట్టను. ఈ కమాండ్లు మొదట మనిషి కీబోర్డ్ ముందు కూర్చుని ఒక్కొక్కటిగా కొట్టడానికి రాసినవి. ఒక్క లైన్ తప్పయితే ప్రోగ్రాం ముగియడం అక్కడ సరైన పనే. బ్యాచ్ మోడ్ దాని మీద తర్వాత కట్టిన మేడ. కమాండ్ లైన్ టూల్స్‌లో చాలావాటికి ఇదే చరిత్ర. అందుకే బ్యాచ్ ఆప్షన్ ఉందన్నంత మాత్రాన లోపలి తప్పులన్నీ దాని చేతికి వస్తాయని నమ్మకూడదు. ప్రతి టూల్‌నీ తప్పుడు లైన్లు ఇచ్చి చెడగొట్టి చూడాలి. ఇప్పుడు మేం కొత్త టూల్ ఏది వాడినా మొదట ఐదు లైన్ల ఫైల్ రాసి మూడో లైన్‌ను రకరకాలుగా పాడుచేస్తాం. అంకె లేకుండా, లేని ఇంటర్‌ఫేస్ పేరుతో, ఉన్నదాన్నే మళ్లీ యాడ్ చేస్తూ. నాలుగో లైన్ జరిగిందా, కోడ్ ఎంత వచ్చింది, లైన్ నంబర్ చెప్పిందా అని రాసుకుంటాం.

ఎక్కడ ఆగాలి, ఎక్కడ సాగాలి

‘ఆగాలా, సాగాలా’ అని మొత్తం ఫైల్‌కి ఒకే ప్రశ్న వేసుకోవడమే మా పొరపాటు. మా ఫైల్‌లో లైన్లన్నీ ఒక జాతివి కావు. పైన 20 లైన్లలో ఏది ఫెయిలైనా కింద ఉన్నవన్నీ అనవసరం, అక్కడ ఆగాల్సిందే. ఒకే కస్టమర్ మూడు లైన్లు ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డవి, వాటి మధ్య కూడా ఆగాలి. కానీ 911వ కస్టమర్‌కీ 912వ కస్టమర్‌కీ ఏ సంబంధమూ లేదు. ఒకరి తప్పుకి ఇంకొకరు ఆగకూడదు.

ఫైళ్లు పంపే ఎస్‌ఎఫ్‌టీపీ కమాండ్ బ్యాచ్ మోడ్ ఈ విషయంలో నాకు చాలా నచ్చుతుంది. అది మామూలుగా మొదటి తప్పు దగ్గర ఆగుతుంది, కానీ ఏదైనా లైన్ ముందు ఒక మైనస్ గుర్తు పెడితే ఆ ఒక్క లైన్ ఫెయిలైనా ఫర్వాలేదని అర్థం. నిర్ణయం లైన్‌ది, ఫైల్‌ది కాదు. ఫైర్‌వాల్ వైపు ఎన్‌ఎఫ్‌టీ కమాండ్ ఇంకో చివర ఉంటుంది. ఫైల్ మొత్తాన్ని ఒకే లావాదేవీగా తీసుకుని, ఒక్క లైన్ తప్పయినా ఏదీ మార్చదు, పాతది పాతట్టే ఉంటుంది. టీసీలో ఈ రెండూ లేవు. ఉన్నదల్లా మొత్తానికి ఒక ఫోర్స్.

కాబట్టి మేమే ఫైల్‌ను కోశాం. పై 20 లైన్లు ఒక బ్యాచ్, ఫోర్స్ లేకుండా. అది ఫెయిలైతే స్క్రిప్ట్ అక్కడితో సరి, మా ఇద్దరికీ ఫోన్ మోగుతుంది. తర్వాత కస్టమర్‌కి ఒక చిన్న బ్యాచ్, అదీ ఫోర్స్ లేకుండా. క్లాస్ కుదరకపోతే ఆ కస్టమర్ క్యూ, ఫిల్టర్ లైన్ల జోలికి పోదు. టీసీ ఉన్నట్టుండి ముగిసిపోయినా పోయేది ఆ ఒక్కరిదే. లైన్ నంబర్ రాకపోయినా బాధ లేదు, ఎవరి బ్యాచ్‌లో జరిగిందో మాకు తెలుసు.

ఇలా చేస్తే 1,600 సార్లు టీసీని పిలవాలి కదా అని కుర్రాడు అడిగాడు. సరైన ప్రశ్నే. అందుకే రోజూ అన్నీ పీకి మళ్లీ కట్టడం మానేశాం. ఇప్పుడు సర్వర్‌లో ఉన్నదేమిటో ముందు చదివి, షీట్‌తో పోల్చి, తేడా ఉన్న కస్టమర్లకే బ్యాచ్ రాస్తాం. రోజుకి ఇరవై ముప్పై మించవు. సర్వర్ రీబూట్ అయినప్పుడు మాత్రమే అందరివీ నడుస్తాయి, అది అర నిమిషంలోపే అయిపోతోంది.

‘యాడ్’ బదులు ‘రీప్లేస్’ వాడటం కూడా ఇక్కడే చేశాం. క్లాస్ లేకపోతే చేస్తుంది, ఉంటే మారుస్తుంది, రెండుసార్లు నడిపినా నష్టం లేదు. ఫిల్టర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. యూ32 రకం ఫిల్టర్‌కి మనం హ్యాండిల్ (దాని గుర్తింపు నంబర్) ఇవ్వకపోతే రీప్లేస్ అన్నా కొత్తది పక్కన చేరుతుంది. తప్పు రాదు, కోడ్ సున్నా వస్తుంది, ఫిల్టర్లు మాత్రం రోజురోజుకీ పెరుగుతాయి. మేం ప్రతి ఫిల్టర్‌కీ హ్యాండిల్ ఇచ్చాం. ఐపీ మారితే పాతదాన్ని తీసేసి కొత్తది పెడతాం.

ఒక అడ్డు కూడా పెట్టాం. తీసేయాల్సిన కస్టమర్లు మొత్తంలో ఐదు శాతం దాటితే స్క్రిప్ట్ ఏదీ ముట్టుకోకుండా మాకు చెబుతుంది. షీట్ సగమే ఎక్స్‌పోర్ట్ అయిన రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు సగం ఊరిని మేమే డిఫాల్ట్‌లోకి తోసేయకూడదు. షీట్ చదివేటప్పుడే ఖాళీ గడులు, రెండుసార్లు వచ్చిన నంబర్లు, ఒకే ఐపీ ఇద్దరికి ఉండటం పట్టుకుంటాం. అలాంటి వరుసను వదిలేస్తాం. ఆ కస్టమర్‌కి నిన్నటి స్పీడే కొనసాగుతుంది, పొద్దున మేడమ్‌కి ఆ వరుస నంబర్ మెసేజ్ పోతుంది.

ఏ తప్పూ రాని తప్పు

పని అయ్యాక కెర్నల్‌లో ఉన్నది మళ్లీ చదివి షీట్‌తో పోల్చడం చివరి అడుగు. ఇది మొదటి రాత్రే ఒకటి పట్టుకుంది. ఎం.ఆర్.పల్లెలో ఒక హాస్టల్‌కి 50 ఉండాల్సిన చోట 400 ఎంబిట్ ఉంది. షీట్‌లో ‘50 ఎంబీపీఎస్’ అని యూనిట్‌తో సహా కొట్టారు. మనమంతా ఎంబీపీఎస్ అంటే మెగాబిట్ అనే అనుకుంటాం. టీసీకి మాత్రం బీపీఎస్ అంటే సెకనుకి బైట్లు. బిట్ల కోసం ఎంబిట్ అని రాయాలి. 50ని ఎనిమిదితో గుణించి 400 చేసింది. ఎర్రర్ లేదు, కోడ్ సున్నా. ఆ హాస్టల్ పక్కనున్న ఇళ్ల నుంచి నెలల తరబడి చిన్న చిన్న కంప్లైంట్లు ఉన్నాయి. వైఫై ప్రాబ్లం అని రాసి మూసేశాం. ఆ టికెట్లు మళ్లీ తెరిచి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఇప్పుడు షీట్‌లో అంకె తప్ప ఇంకేమీ పట్టదు, యూనిట్ స్క్రిప్టే వేస్తుంది.

డిఫాల్ట్ క్లాస్ మీద కూడా ఒక కన్ను వేశాం. అందులో ట్రాఫిక్ ఐదు నిమిషాల పాటు 20 ఎంబిట్ దాటితే మాకు మెసేజ్ వస్తుంది. మొదటి రోజే ఇది ఉండి ఉంటే లైన్‌మన్లు అన్ని స్తంభాలు ఎక్కాల్సిన పని ఉండేది కాదు.

ఈ ఊపులో మిగతా స్క్రిప్టులూ తిరగేశాం. స్విచ్‌ల కాన్ఫిగ్ బ్యాకప్ తీసే స్క్రిప్ట్ లిస్ట్‌లో మొదటి స్విచ్ ఒక్కదాన్నే తీస్తోంది. లూప్‌లో స్విచ్‌లోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్ స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి మిగతా లిస్ట్ అంతా మింగేస్తోంది. లూప్‌కి చదవడానికి ఏమీ మిగలక మంచిగా ముగుస్తోంది, కోడ్ సున్నా. ఎస్‌ఎస్‌హెచ్‌కి ఎన్ ఆప్షన్ (ఇన్‌పుట్ చదవొద్దని) పెడితే సరిపోయింది. బిల్లింగ్ షీట్ తెచ్చే కర్ల్ కమాండ్‌కి ఫెయిల్ ఆప్షన్ లేదు. అది లేకపోతే సర్వర్ 500 అని ఎర్రర్ పేజీ ఇచ్చినా కర్ల్‌కి అది సక్సెస్సే, ఆ పేజీనే షీట్‌గా సేవ్ చేస్తుంది. రెండూ ఆ వారమే సరిచేశాం.

ఇప్పటిదాకా చెప్పిందంతా డౌన్‌లోడ్ వైపు. అప్‌లోడ్ లిమిట్లు రెండో ఇంటర్‌ఫేస్ మీద పాత స్క్రిప్ట్‌తోనే, ఫోర్స్‌తోనే నడుస్తున్నాయి. దాని పైప్‌ఫెయిల్ మాత్రం ఆన్ చేశాం. వచ్చే కోటా రోజు లోపల దాన్ని కూడా కస్టమర్‌కి ఒక బ్యాచ్‌గా కోయాలని కూర్చున్నాం. కుర్రాడు ఐదు లైన్ల టెస్ట్ ఫైల్ రాస్తున్నాడు.